పక్షవాతం తర్వాత రోబో యంత్రంతో నడక సాధన: తీసుకెళ్లినవారు చెప్పండి

కావలి కోడలు:
మా మామగారికి పక్షవాతం వచ్చి ఆరు వారాలైంది. ఎడమ వైపు పడిపోయింది. ఇద్దరం పట్టుకుంటేగాని నిలబడలేరు. చెన్నైలో రోబో యంత్రంతో నడిపిస్తారట, నెల రోజులు అక్కడే గది తీసుకుని ఉండాలి. ఈ ఏడాది రొయ్యల మీద వచ్చిన డబ్బంతా దానికే సరిపోతుంది. వెళ్లమంటారా?

ఒంగోలు వాసి:
రెండేళ్ల క్రితం అమ్మను తీసుకెళ్లాను. నడుముకూ తొడలకూ పట్టీలు కట్టి ట్రెడ్‌మిల్ మీద నిలబెడతారు. ఒంటి బరువులో కొంత పైనుంచి యంత్రమే మోస్తుంది. తుంటి, మోకాళ్ల దగ్గర బిగించిన మోటార్లు అడుగు వేయిస్తాయి. మేము పట్టుకుని నడిపిస్తే పది అడుగులకే అందరం అలసిపోయేవాళ్లం. అక్కడ అరగంటలో కొన్ని వందల అడుగులు వేసింది. ఎదుటి అద్దంలో తాను నిటారుగా నడవడం చూసుకుని అమ్మ ఏడ్చేసింది.

కానీ ఇంటికొచ్చాక గడప దాటలేకపోయింది. అక్కడ నేలంతా చదును, మాది జానెడు ఎత్తు గడప. మళ్లీ రెండు నెలలు ఇంట్లోనే ఫిజియోథెరపీ చేయించాం.

కందుకూరు రైతు:
మా అన్నను జబ్బు చేసిన ఏడాదిన్నరకు తీసుకెళ్లాం. అప్పటికే కర్రతో నడుస్తున్నాడు. మూడు వారాలున్నా పెద్ద తేడా రాలేదు. ఆ డబ్బు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

నెల్లూరు ఫిజియో:
ఒక చికిత్స మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్షలు చెప్పేదీ ఇదే. మామూలు ఫిజియోథెరపీతో కలిపి చేస్తే, మొదటి 3 నెలల్లో ఉన్నవారికీ, సొంతంగా నడవలేనివారికీ మేలు ఎక్కువ. అమ్మా, మీ మామగారు రెండింటిలోకీ వస్తారు, ఆలస్యం చేయకండి. స్విట్జర్లాండ్ యంత్రం లోకోమాట్ అయినా, కేరళలో తయారైన జి-గైటర్ అయినా పేరు చూసి మోజు పడవద్దు. యంత్రం సాయాన్ని ఎప్పటికప్పుడు తగ్గిస్తారా, రోజూ నేల మీద కూడా నడిపిస్తారా అని అడగండి. సాయం తగ్గించకపోతే నడిచేది యంత్రమే, కాలు కాదు. బీపీ అదుపులో ఉండాలి, పట్టీలు తగిలే చోట పుండ్లు ఉండకూడదు. పడిపోయిన చేతిని పట్టుకుని మాత్రం లేపవద్దు, భుజం కీలు జారుతుంది.

కావలి కోడలు:
ఇన్నాళ్లూ ఆ చేయి పట్టుకునే లేపుతున్నాం! ఈ రోజే మానేస్తాం. ఒంగోలు అన్నగారూ, గడప దాటడం ఎలా నేర్పించారు?

ఒంగోలు వాసి:
మొదట నేల మీద కర్ర అడ్డంగా పెట్టి దాటించారమ్మా, తర్వాత ఇటుక, చివరికి గడప. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. మెట్లకు రెండు వైపులా కడ్డీలు పెట్టించండి. మేము ఒకవైపే పెట్టించాం. ఎక్కేటప్పుడు అందిన కడ్డీ, దిగేటప్పుడు అమ్మకు పడిపోయిన చేతివైపు వచ్చింది. మళ్లీ మేస్త్రీని పిలవాల్సి వచ్చింది.