నో మ్యాన్స్ స్కై ఇప్పుడు బాగుంది సరే, 2016 నాటి మాట వదిలేయాలా?

కాకినాడ కోరంగి:
హలో గేమ్స్ స్టూడియో చేసిన ఈ అంతరిక్ష అన్వేషణ ఆట పేరెత్తితే చాలు ఇక్కడ రెండు జట్లవుతున్నాయి, అందుకే విడిగా ఒక చర్చ తెరుస్తున్నా. 2016 ఆగస్టులో వచ్చినప్పుడు పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లో తిట్లే తిట్లు. 2024 నవంబరుకి మొత్తం రివ్యూలు కలిపి 'వెరీ పాజిటివ్'కి చేరాయి. ఇన్నేళ్లలో అప్‌డేట్‌కి ఒక్క రూపాయి కూడా అదనంగా అడగలేదు. ఇంత చేశాక కూడా పాత సంగతి తవ్వడం న్యాయమేనా? కొత్తగా కొనేవాళ్లకు ఏం చెప్పాలి?

భీమవరం పైలట్:
న్యాయం కాదు. వరస చూడండి. 2016 నవంబరులో ఫౌండేషన్ వచ్చి బేస్ (సొంత స్థావరం) కట్టుకోవడం, ఫ్రైటర్లు (పెద్ద సరుకు ఓడలు) ఇచ్చింది. 2017 మార్చిలో పాత్‌ఫైండర్‌తో నేల మీద తిరిగే బండ్లు. 2018 జులైలో నెక్స్ట్‌తో అసలైన మల్టీప్లేయర్, అంటే ఇతరులతో కలిసి ఆడటం. 2019 ఆగస్టులో బియాండ్‌తో వీఆర్. 2024 జులైలో వరల్డ్స్ మొదటి భాగం నీళ్లను, మబ్బులను కొత్తగా తయారుచేసింది. 2025 ఆగస్టులో వాయేజర్స్‌తో లోపల నడిచి తిరగగలిగే పెద్ద ఓడలు మనమే కట్టుకోవచ్చు. అన్నీ ఉచితం. నలుగురితో మొదలైన జట్టు ఇది. పైగా 2013లో క్రిస్మస్ ముందురోజు గిల్డ్‌ఫర్డ్‌లో వాళ్ల ఆఫీసు వరదలో మునిగింది. ఇంతకన్నా ఏం చేయాలండీ?

ముక్తేశ్వరం రేవు:
వరద సంగతి ఇందులోకి తేవద్దు. మన లంకల్లో గోదారి ఏటా ఎక్కుతుంది, దాన్ని చూపించి ఎవరూ మాట తప్పరు. నేను అడిగేది ఒక్కటే, ఆ స్టిక్కర్ ఎందుకు అంటించారు? పీఎస్4 లిమిటెడ్ ఎడిషన్ పెట్టె మీద ఆన్‌లైన్ ఆట గుర్తు అచ్చయి ఉంది, దాని మీద స్టిక్కర్ కప్పి అమ్మారు. ఇతర ఆటగాళ్లు ఎదురుపడే వీలుందని ముందంతా ఇంటర్వ్యూల్లో చెప్పి, ఇది మల్టీప్లేయర్ ఆట కాదని స్టూడియో అధిపతి షాన్ ముర్రే తేల్చి చెప్పింది ఆగస్టు 8న. పీఎస్4లో విడుదల 9న. డబ్బు కట్టేసినవాడు ఆ ఒక్క రోజులో ఏం చేయాలి?

తణుకు సిస్టమ్స్:
చర్చ మీరు చేసుకోండి. ఇప్పుడు కొనేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. కనీసం జీటీఎక్స్ 1060 3 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉండాలి. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతాయి, అప్పుడు ఆట ఆగి ఆగి నడుస్తుంది. అది చూసి సెట్టింగులు మార్చేయొద్దు, కాసేపు ఓపిక పట్టండి. ఫ్రేమ్ రేటు పరిమితి 30 మీద ఉంటే పెంచుకోండి. 2016లో పీసీ మీద వచ్చిన తిట్లలో కొన్ని ఆ 30 వల్ల వచ్చినవే. ఎస్ఎస్ఈ 4.1 అనే ఆదేశాల సమితి లేని పాత ఫీనమ్ ప్రాసెసర్లలో అయితే అప్పట్లో అసలు తెరుచుకునేదే కాదు.

భీమవరం పైలట్:
రేవు గారూ, స్టిక్కర్, స్టిక్కర్ అంటూ కూర్చుంటే ఎలా? బ్రిటన్‌లో ప్రకటనల ప్రమాణాల సంస్థ ఏఎస్ఏ ఫిర్యాదులు తీసుకుని విచారించింది. 2016 నవంబరు 30న ప్రకటనలు తప్పుదారి పట్టించలేదని తేల్చింది. అక్కడే అయిపోయింది కదా.

ముక్తేశ్వరం రేవు:
అయిపోలేదు. వాళ్లు చూసింది స్టీమ్ పేజీలోని వీడియోలు, బొమ్మలు, రాతలు. ఇంటర్వ్యూల్లో చెప్పిన మాటలు ఆ విచారణలోకి రాలేదు. తీర్పు ఆధారం కూడా చదవండి. ఆటలో గ్రహాలు లెక్క ప్రకారం పుడతాయి కాబట్టి వీడియోలో చూపించిన జంతువే ప్రతి ఆటగాడికీ దొరకాలని లేదు, అలాంటివి దొరికితే చాలు అన్నారు. సూర్యుడి సంగతి చూడండి. ఇప్పటికీ గ్రహాలు కక్ష్యలో తిరగవు, సూర్యుడు ఆకాశానికి అంటించిన బొమ్మే. ఓడ వేసుకుని అక్కడికి వెళ్లడం కుదరదు.

యానాం పడవ:
1.84 లక్షల కోటి కోట్ల గ్రహాలు అన్నారు కదా, అదన్నా నిజమేనా?

తణుకు సిస్టమ్స్:
నిజమే, అది 64 బిట్ల సంఖ్యకున్న హద్దు. 18,446,744,073,709,551,616. ఏ గ్రహమూ డిస్కులో దాచిపెట్టి ఉండదు. గ్రహానికి ఒక సంఖ్య, ఆ సంఖ్యను సూత్రంలో పెడితే కొండలు, గాలి, జంతువులు అన్నీ పుడతాయి. అదే సంఖ్య ఇస్తే ఎవరి కంప్యూటర్‌లోనైనా అదే గ్రహం. స్టార్‌ఫీల్డ్ అనే మరో అంతరిక్ష ఆట 125 జీబీ అడుగుతుంది, ఇది అందులో చిన్న ముక్క, కారణం ఇదే. గ్రహానికొక సెకను చొప్పున చూసినా 58,500 కోట్ల ఏళ్లు పడుతుంది. అయితే సంఖ్యలు ఎన్నున్నా సూత్రంలో వాడే భాగాలు కొన్నే. కాళ్లు, తలలు, రాళ్లు, చెట్లు ఒక పరిమితిలో కలిసి విడిపోతుంటాయి. పదో గ్రహం నుంచి ముందెక్కడో చూసినట్టే ఉంటుంది.

పాలకొల్లు అక్క:
తణుకు చెప్పిన ఆ పదో గ్రహం దగ్గరే నాకు అసలు ఇబ్బంది. స్టీమ్‌లో డబ్బు వెనక్కి కావాలంటే కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉండాలి. ఈ ఆటలో మొదటి రెండు గంటలు ఎలా పోతాయో తెలిసిందే. చెడిపోయిన ఓడకు దూరంగా లేస్తారు, స్కానర్ బాగుచేస్తారు, సోడియం ఏరుకుని సూట్ రక్షణ నింపుతారు, ఓడ దగ్గరకు చేరి ఇంధనం చేసుకుంటారు, ఎగురుతారు. వార్ప్ (మరో నక్షత్రానికి దూకడం) దాకా వచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. గ్రహాలన్నీ ఒకేలా ఉన్నాయన్న సంగతి తెలిసేది ఆ తర్వాత. రొయ్య సీడు చెరువులో వదిలాక గానీ దాని తేడా బయటపడదు, ఇదీ అంతే. అప్పట్లో స్టీమ్ పేజీలోనే ఈ ఆటకు ప్రత్యేక మినహాయింపులు లేవు, మామూలు నిబంధనే వర్తిస్తుందని నోటీసు పెట్టారు.

కాకినాడ కోరంగి:
అక్కా, ఆ మొదటి రెండు గంటలు తొందరగా దాటే దారి ఉందా?

పాలకొల్లు అక్క:
ఉంది. 2022 అక్టోబరు వేపాయింట్ అప్‌డేట్ నుంచి కష్టాన్ని ముక్కలుగా మార్చుకోవచ్చు, ఇంధన ఖర్చు, వాతావరణ నష్టం, కొనుగోలు ధరలు విడివిడిగా ఉన్నాయి. మామూలుగా ఆడేటట్టయితే లెక్క ఇది. 50 ఫెర్రైట్ పొడితో ఒక మెటల్ ప్లేటింగ్, 40 డై-హైడ్రోజన్‌తో ఒక జెల్లీ. ఆ రెండూ కలిపితే ఒక లాంచ్ ఇంధనం. ఎగిరిన ప్రతిసారీ పావు ట్యాంకు పోతుంది. అందుకే అడుగడుగునా దిగొద్దు. దిగాల్సి వస్తే ల్యాండింగ్ ప్యాడ్ మీద దిగండి, అక్కడి నుంచి లేచేటప్పుడు ఇంధనం ఖర్చవదు. వార్ప్ సెల్‌కి 25 క్రోమాటిక్ లోహం, 20 కండెన్స్‌డ్ కార్బన్ కలిపి యాంటీమ్యాటర్ చేయాలి, 30 ఆక్సిజన్, 50 ఫెర్రైట్ పొడితో దానికి గూడు. రాగిని చేత్తో పట్టుకెళ్లే రిఫైనర్‌లో వేస్తే రెండుకు ఒక క్రోమాటిక్ వస్తుంది, కాబట్టి 50 రాగి తవ్వుకోవాలి.

నరసాపురం లేసు:
నేల కింద బేస్ తవ్వుకుంటే తిరిగొచ్చేసరికి మట్టితో పూడిపోయి ఉంటోంది. దీన్ని బాగుచేశామని ఎవరంటారు?

తణుకు సిస్టమ్స్:
అది లోపం అనండి, పరిమితి అనండి. తవ్విన గుర్తులు కొన్నే దాచిపెడుతుంది, కొత్తవి చేరే కొద్దీ పాతవి పోయి నేల మొదటి రూపానికి వచ్చేస్తుంది. ముందు బేస్ కంప్యూటర్ పెట్టి, దాని హద్దులోనే తవ్వండి. అంతకన్నా మంచిది, సహజంగా ఉన్న గుహలో కట్టుకోవడం. అది సూత్రంలోంచి పుట్టింది కాబట్టి పూడదు.

భీమవరం పైలట్:
చూశారా, ఇంత లోతుగా మాట్లాడుకోవడానికి ఆట నిలబడి ఉండబట్టే కదా! 2020లో ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ కొనసాగుతున్న ఆటగా గెలిచింది. స్టార్‌ఫీల్డ్ చూడండి, అంత పెద్ద కంపెనీ, వెయ్యి గ్రహాలకు పైగా అంది. 2023 సెప్టెంబరులో వస్తే గ్రహం మీద బండి కూడా లేదు, 2024 ఆగస్టు దాకా నడుస్తూనే తిరగాలి. దిగిన చోట కొంత దూరం నడిస్తే హద్దు వచ్చిందని ఆపేస్తుంది. అంతరిక్షంలోంచి నేల మీదకు దిగడం మధ్యలో తెరపడి లోడింగ్. నో మ్యాన్స్ స్కైలో మొదటి రోజు నుంచే అడ్డు లేకుండా నేరుగా దిగొచ్చు. ఆ మాట నిలబెట్టుకున్నారుగా.

ముక్తేశ్వరం రేవు:
పక్కవాడి ఆట బాగాలేదంటే ఈ ఆట మాట నిలబడిపోదు. స్టిక్కర్‌కి జవాబు ఇప్పటికీ రాలేదు.

భీమవరం పైలట్:
ఎన్నిసార్లండీ ఆ స్టిక్కర్! డిస్కు జులైలో అచ్చుకు వెళ్లిపోయింది. పెట్టెలు అంతకు ముందే అచ్చయ్యుంటాయి, గుర్తు తప్పు పడితే కప్పకుండా ఏం చేస్తారు? విడుదల రోజున పెద్ద సవరణ ప్యాచ్, 1.03 ఇచ్చారు. జూన్ 21న రావలసింది ఆగస్టుకి జరిపింది కూడా ఇంకాస్త మెరుగుపెట్టడానికే. మీకు నచ్చనిది ఆట కాదు, ఎవరో ఆనందంగా ఆడుకోవడం. ఎప్పుడు చూసినా అదే ఏడుపు.

ముక్తేశ్వరం రేవు:
ఏడుపు అనే మాట వెనక్కి తీసుకోండి. ఏడాదికి ఒక్క ఆట కొనగలిగేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ల 2016 ఆ ఆటకే పోయింది. మల్టీప్లేయర్ వచ్చింది 2018 జులైలో. ఆ రెండేళ్లు వాళ్లకు ఎవరు తిరిగిస్తారు? సీల్ తీసిన డిస్కును దుకాణంవాడు వెనక్కి తీసుకోడు. ఇంటర్నెట్ డేటా లెక్కపెట్టి వాడుకునేవాడు ప్రతి అప్‌డేట్ దించుకోలేడు. 'ఆగండి, బాగుపడుతుంది' అనేది ఆగగలిగినవాళ్ల మాట.

పాలకొల్లు అక్క:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. పైలట్ గారూ, ఒక్కటి సూటిగా చెప్పండి. 2016లో మొదటి రోజున కొన్నవాళ్ల డబ్బుతోనే కదా తర్వాత ఇన్నేళ్ల ఉచిత అప్‌డేట్లు నడిచాయి?

భీమవరం పైలట్:
అవును, అందులో దాచడానికేం లేదు. ఆ డబ్బు లేకపోతే జట్టు 2016లోనే మూతపడేది. అందరూ పూర్తయ్యాకే కొంటామంటే చిన్న స్టూడియో ఎవరూ ఇంత పెద్ద ఆట మొదలుపెట్టరు. నేను పెట్టిన డబ్బు ఒక రోజు ఆటకి కాదు, ఆ మనుషులు పని కొనసాగించడానికి. అది తెలిసే పెడతాను, మళ్లీ పెడతాను.

ముక్తేశ్వరం రేవు:
ఇదిగో, ఇది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీరు పెట్టుబడి పెట్టారు. మిగతావాళ్లు పూర్తయిన వస్తువు అనుకుని కొన్నారు, అమెరికాలో 60 డాలర్లు, పూర్తి ధర. స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్ అనే దారి 2013 నుంచే ఉంది. 'ఇది సగం పని, తక్కువ ధరకి ఇస్తున్నాం, మాతో నడవండి' అని చెప్పి అమ్మొచ్చు. అలా చెప్పి అడిగితే నేనూ ఇస్తాను. చెప్పకుండా తీసుకుని, తర్వాత బాగుచేసి, అందరూ మెచ్చుకోవాలనడం దగ్గరే నాకు పేచీ. స్టిక్కర్ ఎందుకు పట్టుకున్నానంటే, మల్టీప్లేయర్ లేదన్న సంగతి పెట్టె అమ్ముడుపోక ముందే వాళ్లకు తెలుసనడానికి చేత్తో ముట్టుకోగల రుజువు అదొక్కటే.

భీమవరం పైలట్:
డిస్కు మీద అమ్మే ఆటకి, సోనీ వేదిక మీద చూపించిన ఆటకి ఎర్లీ యాక్సెస్ పెట్టడం కుదిరేది కాదు. ఒప్పందాలుంటాయి. మాట జారింది, నిజమే. మాట జారినవాడు ఇన్నేళ్లు పనిచేసి తీర్చాడా లేదా అన్నదే నా లెక్క. తీర్చాడు.

ముక్తేశ్వరం రేవు:
కొత్తగా కొన్నవాళ్లకు తీర్చాడు.

యానాం పడవ:
మరి లైట్ నో ఫైర్ సంగతో? అదే స్టూడియో, 2023 డిసెంబరులో ప్రకటించారు, భూమంత గ్రహం ఒక్కటే, అందరూ అందులోనే. మా జట్టు చందాలేసుకుని ముందే కొందామంటోంది.

పాలకొల్లు అక్క:
ముందే కొనొద్దు. విడుదలయ్యాక మామూలు ఆటగాళ్లు కోత లేకుండా పెట్టిన ఆట చూడండి, అదీ పది గంటలు దాటిన భాగం. మొదటి గంట ఎవరిదైనా బాగానే ఉంటుంది. ఎంతమంది ఒకేచోట కనిపిస్తారో స్టోర్ పేజీలో రాసి ఉందో లేదో చూడండి, ఇంటర్వ్యూలో విన్నది లెక్కలోకి తీసుకోవద్దు. జట్టులో ఒక్కరే కొని ఆడి చూడండి. గంటన్నర దగ్గర ఆపి, ఉంచుకోవాలా వద్దా అనేది అప్పుడు తేల్చుకోండి.

భీమవరం పైలట్:
నేను మొదటి రోజే కొంటాను.

ముక్తేశ్వరం రేవు:
కొనండి. నేను మాత్రం స్టోర్ పేజీ రాత చూశాకే.

కాకినాడ కోరంగి:
ఈలోపు నో మ్యాన్స్ స్కై నలుగురం కలిసి ఆడాలనుకుంటున్నాం. తుఫాను రోజుల్లో కరెంటు పోతే సేవ్ ఏమవుతుంది?

తణుకు సిస్టమ్స్:
ఓడలోంచి దిగిన ప్రతిసారీ దానంతటదే సేవ్ అవుతుంది, కాబట్టి బేస్ కట్టే ముందూ తర్వాతా ఒకసారి ఎక్కి దిగండి. ఒక్కో ఆటకి రెండు సేవ్‌లుంటాయి, ఒకటి పాడైతే రెండోది తెరవండి. పీసీలో అయితే యాప్‌డేటా కింద హలోగేమ్స్ ఫోల్డర్‌లో ఎన్ఎమ్ఎస్ అని ఉంటుంది, వారానికోసారి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. నలుగురూ ముందు ఎవరికి వారు స్పేస్ అనామలీ (ఆటగాళ్లంతా కలిసే స్టేషన్) దాకా రండి. అంతరిక్షంలో ఎక్కడున్నా క్విక్ మెనూలోంచి దాన్ని పిలవచ్చు, అక్కడ కలుసుకుని గ్రూపు కట్టండి. నెట్‌వర్క్ సెట్టింగుల్లో మీ బేస్‌ని ఎవరు మార్చొచ్చో స్నేహితుల వరకే అని పెట్టుకోండి, లేకపోతే తెలియనివాళ్లు వచ్చి గోడలు పీకేస్తారు.