ఆడియో తీసేసినా యాక్యురసీ పెద్దగా పడట్లేదు, మోడల్ అసలు వింటోందా?

ఎంటెక్_విద్యార్థి:
నమస్తే అండి. వీడియో చూసి, విని ప్రశ్నలకు జవాబు చెప్పే మోడల్ మీద ప్రాజెక్ట్ చేస్తున్నాను. డేటా 2022లో వచ్చిన మ్యూజిక్-ఏవీక్యూఏ అనే వీడియో ప్రశ్నల సెట్, 9,288 వీడియోలు, 45 వేలకు పైగా ప్రశ్నలు, అన్నీ వాయిద్యాలవే. ఫ్రేములకు రెస్‌నెట్-18, శబ్దానికి వీజీజీ-ఇష్, ప్రశ్నకు ఎల్ఎస్‌టీఎం అనే న్యూరల్ నెట్‌వర్క్‌లు పెట్టాను. అనుమానం వచ్చి టెస్ట్‌లో ఆడియో అంతా సున్నాలు చేసి చూస్తే స్కోరు కొంచెమే తగ్గింది. మా గైడ్‌గారు ఇంకా పెద్ద మోడల్ పెట్టమంటున్నారు. నాకైతే ఇది వినడమే లేదనిపిస్తోంది, ఎలా తేల్చుకోవాలి?

స్పెక్ట్రోగ్రామ్:
పెద్ద మోడల్ ఇప్పుడే వద్దు. ఆ డేటాలో ప్రశ్నలు 33 మూసల్లోంచి పుట్టినవి, జవాబులు మొత్తం కలిపి 42 మాత్రమే. ఏ మూసకు ఏ జవాబు ఎక్కువసార్లు వస్తుందో పట్టేస్తే వీడియో తెరవకుండానే చాలావాటికి సరైన జవాబు పడిపోతుంది. బొమ్మల ప్రశ్నల్లోనూ ఇదే గొడవ ఉండేది, 2017లో వీక్యూఏ అనే బొమ్మల ప్రశ్నల డేటా రెండో వెర్షన్‌లో ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులొచ్చే బొమ్మల జతలు చేర్చింది అందుకే. ముందు ప్రశ్న ఒక్కటే ఇచ్చి మోడల్ ట్రెయిన్ చెయ్యండి, అదే మీ బేస్‌లైన్, అంటే మిగతా స్కోర్లను పోల్చి చూసే కొలత. సగటు చూడకుండా తొమ్మిది రకాల ప్రశ్నలకూ విడివిడిగా లెక్క తియ్యండి. ఎన్ని వాయిద్యాలు కనిపిస్తున్నాయి అనే ప్రశ్నకు ఆడియో లేకపోయినా స్కోరు పడకూడదు. ఏది ముందు మోగింది అన్నదానికీ పడలేదంటే మీ అనుమానం నిజమే.

చెవి_కన్ను:
సున్నాల ఆడియో ట్రెయినింగ్‌లో ఎప్పుడూ ఎదురవని ఇన్‌పుట్ కదా, ఆ ఒక్క పరీక్షతో తేల్చేయకండి. వేరే వీడియో శబ్దం తెచ్చి అతికించండి, తెర మీద వయొలిన్, వినిపించేది ట్రంపెట్. అయినా జవాబు మారకపోతే అప్పుడు గట్టిగా చెప్పొచ్చు. ఇంకోటి, వీజీజీ-ఇష్ శబ్దాన్ని 0.96 సెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. మీరు సెకనుకో ఫ్రేము తీసి వరస నంబరు ప్రకారం జత చేస్తున్నారేమో చూడండి, 60వ ముక్క 57.6 సెకన్ల దగ్గరే అయిపోతుంది. చివరికొచ్చేసరికి రెండు సెకన్లకు పైగా తేడా, ముందు-తర్వాత ప్రశ్నలు అక్కడే దెబ్బతింటాయి.

ఎంటెక్_విద్యార్థి:
చాలా థాంక్స్. వరస నంబరుతోనే జత చేస్తున్నాను, ఇవాళే మారుస్తా. ఇంకో ఆలోచన, కర్ణాటక సంగీత కచేరీల వీడియోలు కలిపితే ఉపయోగమా?

శ్రుతిపెట్టె:
తప్పకుండా కలపండి! ఆ డేటాలోని 22 వాయిద్యాల్లో వయొలిన్ ఉంది కానీ మృదంగం, వీణ, నాదస్వరం లేవు. పైగా కన్నూ చెవీ విడిపోయే సందర్భాలు కచేరీలో వాటంతటవే దొరుకుతాయి. రాగాలాపన జరిగేటప్పుడు మృదంగం ఎదురుగా కనిపిస్తుంది, మోగదు. తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాయిద్యాలు మాత్రమే మోగే భాగం, మొదలైతే వయొలిన్ విద్వాంసులు వాయిద్యం దించేసి తాళం వేస్తుంటారు. శ్రుతిపెట్టె మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తూనే ఉంటుంది, చాలాసార్లు కెమెరాలో కనిపించదు. ఇప్పుడు ఎన్ని వాయిద్యాలు మోగుతున్నాయి అని అడగండి, తెర చూసి లెక్కపెట్టే మోడల్ వెంటనే దొరికిపోతుంది. జవాబులు మాత్రం సంగీతం తెలిసినవాళ్లతో రాయించండి, గాత్రానికి వెనకే వయొలిన్ వస్తుంటే కొత్తవాళ్లకు విడదీసి వినడం కష్టం. ఒక కచేరీలోంచి తీసిన ముక్కలన్నీ ట్రెయిన్‌లోనో టెస్ట్‌లోనో ఒకే వైపు ఉంచండి, లేకపోతే వేదిక చూసి జవాబు చెప్పేస్తుంది.