తమ్ముడికి మొహం మార్పిడి చేయిస్తే పాత రూపు వస్తుందా?

ఖమ్మం అక్క:
మా తమ్ముడు కరెంటు లైన్ పనికి వెళ్ళేవాడు. పోయిన ఎండాకాలం షాక్ కొట్టి ముక్కు, పెదాలు కాలిపోయాయి. తొడ చర్మం తీసి మూడుసార్లు అతికారు. అమెరికాలో డల్లాస్ వీన్స్ అనే అతనికీ కరెంటు తీగ తగిలే మొహం పోయిందట. 2011లో బోస్టన్‌లో కొత్త మొహం పెట్టారు. ఆ వీడియో చూసినప్పటినుంచి వాడిది ఒకటే పాట, "అక్కా, నాకూ అదే చేయించు." చేయిస్తే వాడిలాగే ఉంటాడా, దాతలా ఉంటాడా?

మందులడబ్బా:
నాది కిడ్నీ మార్పిడి. దాత అవయవాన్ని ఒళ్ళు తోసేయకుండా ఆపే మందులు వేసుకోవాలి, మొహానికైనా దాదాపు ఇవే: టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్. పెళ్ళి పందిట్లో ఉన్నా తొమ్మిదికి మాత్ర పడాల్సిందే. ఇది బతికినన్నాళ్ళూ. పైగా వీన్స్‌కి చూపు తిరిగి రాలేదు, అది కూడా మీ తమ్ముడికి చెప్పండి.

ఫిజియో:
కాలిన గాయాల వార్డులో పనిచేస్తాను. ఎముకలు చాలావరకు మనవే కాబట్టి అచ్చం దాతలా ఉండరు. అలాగని పాత మొహమూ రాదు.

మొదటి కేసు ఇసబెల్ డినోయర్, ఫ్రాన్స్‌లోని అమియాఁలో, 2005 నవంబరు. పెంపుడు కుక్క కొరికేసింది. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలకు స్పర్శ తెలిసింది, పెదాలు మూయడానికి పది నెలలు, నవ్వు రెండువైపులా సమంగా రావడానికి ఏడాదిన్నర. మొదటి ఏడాదే ఆ కొత్త మొహానికి ఒళ్ళు రెండుసార్లు ఎదురుతిరిగింది. దాత ముంజేతి చర్మం ముక్క ఒకటి ఆమె రొమ్ము కింద కుట్టి ఉంచారు. ఒళ్ళు ఎదురుతిరుగుతోందేమో చూసే పరీక్షకు దాంట్లోంచి తీసుకుంటే మొహాన్ని మాటిమాటికీ కోయక్కర్లేదు కదా, నాకు భలే నచ్చిన ఉపాయం అది. 2016లో క్యాన్సర్‌తో పోయింది. ఈ మందులు క్యాన్సర్ ముప్పు పెంచుతాయి.

సరే, మీ తమ్ముడికి నోరు ఎంత తెరుచుకుంటోంది? మూడు వేళ్ళు నిలువుగా పడుతున్నాయా?

ఖమ్మం అక్క:
ఒకటే, అదీ కష్టంగా. ఇడ్లీ చిదిపి చెంచాతో పెడుతున్నాం. మచ్చను అదిమి ఉంచే మాస్క్ ఇచ్చారు గానీ ఉక్కపోస్తోందని తీసి పారేస్తున్నాడు.

ఫిజియో:
అయితే ముందు చూడాల్సింది నోరు. మచ్చ బిగిసి మూసుకుపోతోంది. కోసి వదులు చేసే ఆపరేషన్ మన పెద్దాసుపత్రుల్లోనే చేస్తారు, ఆ తర్వాత నోరు సాగదీసే స్ప్లింట్ పెడతారు. మాస్క్ తీయనివ్వకండి. తిండికీ స్నానానికీ తప్ప రాత్రి కూడా ఉండాలి.

ఖమ్మం అక్క:
సోమవారం ప్లాస్టిక్ సర్జరీ ఓపీకి తీసుకెళ్తున్నా. ఇదంతా వాడికి చదివి వినిపించాను. మాస్క్ ఏదని అడిగాడు. ఉతికి ఆరేశాను, ఇంకా తడిగానే ఉంది.