టోక్యోలో సుమిదా నది బాణసంచాకు అమ్మను తీసుకువెళ్లవచ్చా?

ప్రశ్న (హన్మకొండ, ప్రస్తుతం టోక్యో):
అమ్మ మొదటిసారి మా దగ్గరకు వచ్చింది. జూలై చివరి శనివారం జరిగే సుమిదా నది బాణసంచాను ఆమెకు, ఆరేళ్ల మా పాపకు చూపించాలని ఉంది. 1733 నాటి వేడుకగా దీన్ని ఇక్కడివారు చెప్పుకుంటారు. సుమారు 20,000 బాణాలు కాలుస్తారు, పది లక్షలకు దగ్గరగా జనం వస్తారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. వద్దంటే, "మేడారం నాలుగు రోజులు తిరిగిన, గిదేం లెక్క?" అంటోంది. వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కాజీపేట, తొమ్మిదేళ్లుగా టోక్యో):
తమ్ముడూ, వెళ్లడం కష్టం కాదు, తిరిగి రావడమే కష్టం. మధ్యాహ్నం నుంచి జనం కొద్దికొద్దిగా చేరుతారు కాబట్టి పోయేటప్పుడు ఏమీ తెలియదు. ఎనిమిదిన్నరకు ఆఖరి బాణం ఆరిపోగానే అందరూ ఒకేసారి అసకుసా స్టేషన్ వైపు తిరుగుతారు. పది నిమిషాల నడకకు మాకు గంటకు పైగా పట్టింది. పాప నా భుజం మీద నిద్రపోయింది, మా ఆవిడ నా సంచి పట్టీ వదలకుండా నడిచింది. పోలీసులు చక్కగానే నడిపిస్తారు, కానీ మధ్యలో కాసేపు కూర్చుందామంటే చోటుండదు.

భయపెట్టడానికి కాదు గానీ, 2001 జూలైలో అకాషి నగరంలో బాణసంచా చూడడానికి వచ్చినవారు, తిరిగి వెళ్లేవారు ఒకే పాదచారుల వంతెన మీద ఎదురుపడి తొక్కిసలాట జరిగింది. చనిపోయిన 11 మందిలో తొమ్మిది మంది పిల్లలు, మిగిలిన ఇద్దరూ వృద్ధురాళ్లు.

జవాబు (వరంగల్):
మేడారంతో పోల్చడం సరికాదని నా అభిప్రాయం. అక్కడ జనం రోజుల తరబడి వస్తూ పోతూ ఉంటారు, అలసిపోతే చెట్టు కింద చాప పరుచుకుంటారు, అక్కడే వండుకుంటారు. మీరు చెప్పే చోట అందరూ ఒకే గంటలో ఇంటికి బయలుదేరుతారు. దసరాకు రంగలీలా మైదానంలో రావణవధ అయ్యాక ఉర్సు దారిలో ఏమవుతుందో మీ అమ్మగారికి గుర్తుచేయండి, ఆమెకే అర్థమవుతుంది. మేము ఎప్పుడూ మైదానం అంచున నిలబడి, రావణుడి తలలు అంటుకోగానే బయటపడేవాళ్లం.

జవాబు (కాజీపేట):
అక్క చెప్పిన పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. నది ఒడ్డు వదిలేసి, దూరంగా ఎత్తైన మేడ మీద నుంచి చూపించండి. పెద్ద బాణాలు గుండ్రంగా చేమంతిపువ్వులా విచ్చుకుంటాయి, ఏ వైపు నుంచి చూసినా అదే ఆకారం. కిలోమీటరు దూరంలో ఉంటే వెలుగు కనిపించిన మూడు సెకన్లకు గానీ శబ్దం వినబడదు. మీ పాప లెక్కపెట్టుకోవచ్చు. మబ్బు పట్టితే మాత్రం బయలుదేరకండి. 2013లో అరగంటకే గాలివాన వచ్చి వేడుక ఆపేశారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు అన్నా, అక్కా. నదికి అవతల మా స్నేహితుడి ఇల్లు తొమ్మిదో అంతస్తులో ఉంది, లిఫ్టు ఉంది. అమ్మ ఒప్పుకుంది, సకినాలు తాను చేసి తెస్తానన్నది. బియ్యప్పిండి దొరికింది, వాము ఇంకా వెతుకుతున్నాను.