‘సైకిల్ కట్టించుకుంటున్నాను’ అనొచ్చా?

ప్రశ్న
పెద్దలకు నమస్కారం. దూరప్రయాణాలకు ఒక సైకిల్ చేయించుకుంటున్నాను. షాపులో నిలబెట్టి అమ్మేది కాదు. ఫ్రేమ్ నా కొలతలకు ఒకచోట, చక్రాలు ఇంకోచోట, మిగతా సామాను నేనే ఏరుకుంటున్నాను. ఆ సామాను పట్టిక తెలుగులో రాసుకుందామని కూర్చుంటే శీర్షిక దగ్గరే ఆగిపోయాను. ‘కస్టమ్ బిల్డ్’ అంటే ఏమిటని ఫోన్‌ని అడిగితే ‘అనుకూలీకరించిన నిర్మాణం’ అంది. చదవగానే ఆనకట్ట కళ్ల ముందు మెదిలింది. పోనీ ‘సైకిల్ కట్టించుకుంటున్నాను’ అంటే మా చెల్లెలు ‘ఎన్ని అంతస్తులు?’ అని నవ్వింది. మీరేమంటారు?

జవాబు
నవ్వనివ్వండి. ఇల్లు కడతాం, పూలు కడతాం, పందిరి కడతాం, పాటకి వరస కడతాం. బండి కట్టడం ఒక్కటే వేరు, ఎడ్లను పూన్చి ప్రయాణానికి సిద్ధం చేయడం. దూరాలు పోయే సైకిల్‌కి ఆ అర్థం కూడా అంటుకుంటే మంచిదేగా! ‘అనుకూలీకరించిన’ అంటే ఎవరు, ఎవరి కోసం అన్నది తేలదు. ‘చేయించుకున్న’లో అన్నీ ఉన్నాయి: చేతులు ఇంకొకరివి, ఆలోచన నాది, వాడుకునేది నేను. కుట్టించుకున్న చొక్కా అంటే కొలతలిచ్చారని మళ్లీ చెప్పక్కర్లేదు కదా.

జవాబు
మొత్తం సైకిల్‌కి ‘కట్టడం’ నేను ఒప్పుకోనండి. ఫ్రేమ్‌ని అతుకుతారు. ఉక్కు గొట్టం అంచుని పక్క గొట్టం గుండ్రానికి సరిపడేలా ఆకురాయితో అరగదీసి, ఇత్తడి కరిగించి అతకడమో, వెల్డింగ్ చేయడమో. హ్యాండిల్ బిగిస్తారు, టైరు ఎక్కిస్తారు, చైను వేస్తారు. ఒక్కో భాగానికి ఒక్కో క్రియ ఉంది. కట్టడం అన్నది చక్రానికి మాత్రమే చెల్లుతుంది.

జవాబు
ఆ చక్రం దగ్గరే కాస్త ఆగుదాం. రిటైరైన లెక్కల మాస్టార్ని, చాదస్తం అనుకోకండి.

ఎడ్లబండి చక్రంలో ఆకు, అంటే నడిమి నుంచి అంచుకి వెళ్లే చెక్క కడ్డీ, స్తంభం లాంటిది. ఇరుసు మీద పడ్డ బరువు చక్రం నడిమి కుండకి, కుండ నుంచి కింద నిలబడిన ఆకుకి, దాని నుంచి నేలకి దిగుతుంది. సైకిల్ స్పోకు అలా కాదు. అది 2 మిల్లీమీటర్ల తీగ. బల్ల మీద నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కండి, విల్లులా వంగిపోతుంది. దానికి చేతనైన పని లాగడం ఒక్కటే. 36 తీగలూ హబ్బుని, అంటే సైకిల్ చక్రపు కుండని, అన్ని దిక్కులకీ లాగి మధ్యలో నిలబెడతాయి. మనం ఎక్కి కూర్చుంటే నేలవైపున్న తీగల్లో బిగువు కొంచెం తగ్గుతుంది. అది పూర్తిగా సడలిపోకుండా ఉండేంత బిగువు ముందే ఎక్కించి పెట్టడమే చక్రం కట్టేవాడి పనితనం. నులక మంచం అల్లి, కాళ్లవైపు తాడు గుంజి బిగించేవాడి పని కూడా ఇదే. అల్లిక కూడా ఉంది: మామూలు పద్ధతిలో ఒక్కో తీగ తన వైపు తీగల్లో మూడింటిని దాటుతుంది, రెండింటికి ఒక పక్కగా, మూడోదానికి రెండో పక్కగా.

కాబట్టి ఇక్కడ ‘కట్టడం’ ఉపమానం కాదు, చక్రాన్ని నిజంగానే కడుతున్నారు. పట్టికలో ‘ఆకులు’ అని రాయకండి, అది వేరే రకం చక్రం. పుల్ల అన్నా పొసగదు. పుల్ల విరుగుతుంది. తీగ తెగుతుంది.

జవాబు
మాస్టారూ, మేం ‘చైను తెగింది, స్పోకు విరిగింది’ అంటాం. మరి దాన్నేం చేద్దాం?

జవాబు
వాడుకే గెలుస్తుంది, ఒప్పుకున్నాను. మీరు చూసే చోట అది విరిగినట్టే ఉంటుంది లెండి. స్పోకు నడిమికి తెగడం అరుదు, హబ్బు రంధ్రంలో దూరే వంపు దగ్గరే పోతుంది. అదీ ఎక్కువగా వెనక చక్రంలో, కుడివైపు. పళ్లచక్రాల వరసకి చోటివ్వడానికి హబ్బు కుడి అంచు లోపలికి జరుగుతుంది. దాంతో అటువైపు తీగలు ఎడమవాటికంటే కాస్త పొట్టిగా, నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. సామాను బరువూ వెనకే. మీ పట్టికలో విడి స్పోకులు రెండు పొడవుల్లోనూ రాసుకోండి. ‘కుడి, ఎడమ’ అంటే సీటు మీద కూర్చున్నవాడి కుడి ఎడమలని కూడా రాయండి. ఎదురుగా నిలబడి చూసేవాడు తారుమారు చేస్తాడు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు మాస్టారూ. మాట తేడాతో నాకూ ఒకటి జరిగింది. ఎత్తులు ఎక్కాలి కదా అని సామాను తెప్పించే ఆయనకి ఫోన్‌లో ‘ముందు పెద్ద గేర్ కావాలండీ’ అన్నాను. ఆయన పెడల్ దగ్గర బిగించే 50 పళ్ల రింగు తెప్పించి పెట్టారు. తప్పు ఆయనది కాదు, పెద్దదే అడిగాను. తొక్కి చూస్తే చిన్న దిబ్బ మీదే మోకాళ్లు మొరాయించాయి.

జవాబు
‘పెద్ద గేర్’ అనే మాటని పట్టిక నుంచి తీసేయండి. ముందు రింగు చిన్నదయ్యేకొద్దీ తొక్కడం తేలిక, వెనకది పెద్దదయ్యేకొద్దీ తేలిక. ఒకే మాట రెండు చోట్ల తిరగబడుతుంది. ‘తేలిక గేర్, బరువు గేర్’ అంటే ఎవరూ పొరబడరు, కాలికి తెలిసేది కూడా అదే.

లెక్క చూడండి. ముందు 50, వెనక 34 పళ్లు: పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. 35 మిల్లీమీటర్ల వెడల్పు టైరున్న 700సి సైజు చక్రం చుట్టుకొలత దాదాపు 2.17 మీటర్లు, అంటే ఒక్క తొక్కుకి 3 మీటర్ల పైన పోవాలి. నిండు సామానుతో ఎత్తు మీద అది కుదిరే పని కాదు. ముందు 26 పెట్టండి: తొక్కుకి 1.66 మీటర్లు. నడకకన్నా కాస్త నయం, కానీ దిగి తోయక్కర్లేదు.

ఇదే లెక్కని ‘గేర్ అంగుళాలు’ అని రాసేవాళ్లున్నారు. ముందు పెద్ద చక్రానికే నేరుగా పెడల్ ఉండే పాతకాలపు సైకిళ్ల నుంచి వచ్చిన మాట. 26 బై 34 అంటే దాదాపు 21 అంగుళాలు, అంటే 21 అంగుళాల చక్రానికి నేరుగా పెడల్ బిగించి తొక్కినట్టు. ఆ సైకిళ్లు పోయినా కొలత మిగిలిపోయింది. నాకైతే ‘తొక్కుకి ఇన్ని మీటర్లు’ అన్నదే ఇష్టం.

జవాబు
అంగుళాల మాట వచ్చింది కాబట్టి: టైరు దగ్గర అసలు రాయకండి. 26 అంగుళాలు అన్న పేరు మీద అంచు కొలత 559 మిల్లీమీటర్లది ఉంది, 590ది ఉంది, ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. 700సి రిమ్ము కొలిస్తే 700 ఎక్కడా దొరకదు, టైరు కూర్చునే చోట 622. ఆ మూడంకెల సంఖ్య రాసుకుంటే చాలు.

జవాబు
గ్రీజుకి ‘కందెన’ అని రాయండి, చక్కటి మాట, వాడక పోగొట్టుకుంటున్నాం. ‘యిరుసునఁ గందెన బెట్టక పరమేశ్వరు బండియైనఁ బాఱదు’ అని చదువుకున్నవాళ్లమే కదా. ఆ పద్యం పై సగం కరణాల గురించి, మనకి కింది సగం చాలు. ఇరుసుకే కాదు, సీటు గొట్టానికీ పెడల్ మరలకీ కూడా కందెన రాయించండి. లేకపోతే ఉక్కు ఫ్రేమ్‌లో అల్యూమినియం గొట్టం కొన్నాళ్లకి పట్టేసి ఊడి రాదు. అన్నట్టు ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, ‘బిగించడం’ అంటే అక్కడ ఎడమకి తిప్పడం.

ప్రశ్న అడిగినవారు
అన్నీ రాసుకున్నాను. శీర్షిక ‘చేయించుకుంటున్న సైకిల్’. లోపల చక్రాల కింద మాత్రం ‘కట్టించాలి’ అని పెట్టాను, మా చెల్లెలికి మాస్టారి నులక మంచం వివరణ చదివి వినిపించాక. ఇంకొక్క మాట మిగిలింది. వెనక క్యారియర్‌కి రెండు పక్కలా వేలాడే సంచుల్ని ఏమనాలి? ‘పక్క సంచులు’ అంటే భుజాన వేసుకునేవి అనుకుంటున్నారు.

జవాబు
ఎద్దు వీపు మీద రెండు పక్కలా దిగేలా వేసే గోనెని పెరిక అనేవారు. మీ సైకిల్‌కి సరిగ్గా సరిపోతుంది. పెరికలు కొనేముందు ఫ్రేమ్ అతికే ఆయన్ని ఒకటి అడగండి: పెడల్ కాడలు తిరిగే ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకి ఎంత దూరం పెడుతున్నారని. 450 మిల్లీమీటర్ల దరిదాపుల్లో లేకపోతే ప్రతి తొక్కుకీ మీ మడమ పెరికని తన్నుతూ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు
ఇప్పుడే అడిగాను. 430 అన్నారు. ఇంకా గొట్టాలు కోయలేదట, మార్పిస్తున్నాను.