మెలకువ వచ్చినా ఒళ్లు కదలట్లేదు, నైట్ షిఫ్ట్ వాళ్లెవరైనా చెప్పండి

గాజువాక_సి_షిఫ్ట్:
ఫ్యాక్టరీలో పని, వారం ఏ, వారం బి, వారం సి. సి షిఫ్ట్ దిగి పొద్దున్న ఏడున్నరకి ఇంటికొచ్చి పడుకుంటున్నా, ఈ నెల్లో నాలుగుసార్లు ఇలా అయింది. మెలకువ వస్తుంది, ఫ్యాను తిరగడం కనిపిస్తుంది, వీధి కుళాయి దగ్గర మాటలు వినిపిస్తాయి, కానీ చిటికెనవేలు కూడా కదలదు. గుండెల మీద సిమెంటు బస్తా పెట్టినంత బరువు. మొన్నైతే తలుపు దగ్గర ఎవరో నల్లగా నిలబడ్డారు, మొహం లేదు. నాకు 31, బీపీ షుగర్ లేవు. అడిగేవి మూడు. ఇది గుండె జబ్బా, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, పగలు నిద్ర సరిగ్గా పట్టాలంటే ఏం చేయాలి? మా అత్తగారు తలగడ కింద కత్తి పెట్టారు, దాని సంగతి మాత్రం అడగొద్దు.

కంచరపాలెం_కుర్రోడు:
కత్తి సంగతే అడుగుతా గురూ. ఉల్లిపాయలు కోసేదా, కొబ్బరిబోండాలు కొట్టేదా? మా ఇంట్లో పాత చెప్పు పెట్టేవారు. దయ్యాల మాటేమో గానీ ఆ వాసనకి నాకే నిద్ర పట్టేది కాదు, ఇంక కల ఎక్కడిది.

సాగర్‌నగర్_మాస్టారు:
దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, వినండి. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో కండరాలకి వెళ్లే ఆదేశాల్ని మెదడు కాండం ఆపేస్తుంది, లేకపోతే కలలో పరిగెత్తేవాడు మంచం దిగి పరిగెడతాడు. ఫ్రాన్సులో మిషెల్ జువే 1960లలో పిల్లుల మీద చూపించాడు, ఆ ఆపే చోటుని దెబ్బతీస్తే పిల్లి నిద్రలోనే లేచి ఎదురుగా లేని ఎలుకని వేటాడుతుంది. మీకు మెలకువ ముందొచ్చి ఆ తాళం కాస్త ఆలస్యంగా తెరుచుకుంటోంది. బరువు ఎందుకంటే ఆ సమయంలో ఊపిరి దాదాపు ఛాతీకీ పొట్టకీ మధ్యనుండే డయాఫ్రమ్ కండరం ఒక్కదాని మీదే నడుస్తుంది, మీరు కంగారుపడి గట్టిగా పీల్చబోతే ఛాతీ కండరాలు సాయానికి రావు. నూటికి ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. తలుపు దగ్గర మనిషి కూడా చాలామందికి అలాగే కనిపిస్తాడు, మీ ఇంటికి స్పెషల్‌గా రాలేదు.

పెదవాల్తేరు_పద్మ:
మా ఆయనకి 63. ఏడాది నుంచి తెల్లవారుజామున నిద్రలో అరుస్తున్నారు, చేతులు విసురుతున్నారు. మొన్న నా చెంప మీద తగిలింది. లేపితే కుక్క తరుముతోంది అంటారు. ఇది కూడా ఇదేనా అండీ?

సింహాద్రి_అప్పన్న_భక్తుడు:
తెల్లవారుజాము అన్నారు కాబట్టి చెప్తున్నా. ఆ వేళ వచ్చిన కల ఊరికే పోదు. మా నాన్నగారు పోవడానికి వారం ముందు నా పైపన్ను ఊడి అరచేతిలో పడ్డట్టు కల వచ్చింది. లేచి చూస్తే నాలుగూ పది. మా అమ్మకి చెప్తే ఆవిడ మొహం మాడిపోయింది.

ఎంవీపీ_కాలనీ_వాసి:
మీ బాధ అర్థమైంది అన్నా, కానీ దానికి లెక్క ఉంది. నిద్ర ఒక్కో చుట్టు సుమారు 90 నిమిషాలు. రాత్రి మొదట్లో రెమ్ కొద్ది నిమిషాలే, తెల్లారేకొద్దీ పెరుగుతూ పోతుంది. అందుకే ఆ వేళ కలలు ఎక్కువ, లేచేది కూడా అప్పుడే కాబట్టి గుర్తుండేవీ అవే. నాకు డిగ్రీ నుంచి పళ్లు ఊడిన కలలు వస్తూనే ఉన్నాయి, మా ఇంట్లో అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు.

సింహాద్రి_అప్పన్న_భక్తుడు:
మీ ఇంట్లోవాళ్లు నూరేళ్లు ఉండాలి బాబూ. మా నాన్న చావుని నిమిషాల్లో కొలవొద్దు.

ఎంవీపీ_కాలనీ_వాసి:
నేను కొలిచింది చావుని కాదు, నిద్రని. ఆ కల వచ్చి ఏమీ జరగని రోజులు ఎన్నో మీరు రాసిపెట్టుకున్నారా?

సింహాద్రి_అప్పన్న_భక్తుడు:
రాసిపెట్టుకోవడానికి ఇది పాలవాడి లెక్కా? నలుగురిలో ఇలా మాట్లాడటం ఏం సంస్కారం?

ఏయూ_పాత_విద్యార్థి:
ఇద్దరూ ఆగండి. ముందే తెలిసే కలల్ని ఇంత తేలిగ్గా కొట్టిపారేసేట్టయితే మన ఆంధ్రా యూనివర్సిటీలో 1967లో పారాసైకాలజీకి, అంటే ఇలాంటి అతీంద్రియ విషయాల్ని పరీక్షించే చదువుకి, విభాగం ఎందుకు పెట్టారు? కె. రామకృష్ణారావు గారు అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి ఇక్కడ మొదలుపెట్టారు. ఆయన వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. పక్కింటి జ్యోతిష్కుడు కాదు.

సాగర్‌నగర్_మాస్టారు:
విభాగం పెట్టింది పరీక్షించడానికి, పరీక్ష పెట్టినంత మాత్రాన పాసైనట్టా? చూడకుండా కార్డు మీద గుర్తు చెప్పాలి, రైన్ పరీక్ష అదే. ఆయన వాడిన పేకలో కార్డులు 25, గుర్తులు 5. కళ్లు మూసుకుని ఊరికే చెప్పినా సగటున 5 సరిపోతాయి. ఒకడికి ఒకరోజు 9 వస్తే అద్భుతం అంటారు, మర్నాడు 3 వస్తే మూడ్ బాలేదంటారు. ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట రాకపోవడమే మొదటినుంచీ దాని జబ్బు.

ఏయూ_పాత_విద్యార్థి:
కార్డుల దగ్గరే ఆగిపోయారు మాస్టారూ. కళ్ల మీద సగం కోసిన పింగ్‌పాంగ్ బంతులు పెట్టి, ఎర్రలైటు వేసి, చెవుల్లో హోరు వినిపించే గాంజ్‌ఫెల్డ్ పద్ధతి ఉంది. కాసేపటికి లేనివి కనిపిస్తాయి, మెలకువా కాదు నిద్రా కాదు. రావుగారు చివరిదాకా ఈ విషయాన్ని సీరియస్‌గానే తీసుకున్నారు.

సాగర్‌నగర్_మాస్టారు:
లేనివి కనిపించడం నేను కాదనలేదు. కళ్లకి పని లేకపోతే మెదడు తనే బొమ్మలు వేస్తుంది. దాన్నుంచి పక్క గదిలోవాడి ఆలోచన తెలుస్తుంది అనే దగ్గరే పేచీ.

రుషికొండ_టెక్కీ:
మీరంతా భయపడుతున్నారు గానీ నేను ఆ స్థితిలోంచే తెలివితో కలలోకి దూకుతా. మూడేళ్లుగా లూసిడ్ డ్రీమింగ్, అంటే కల అని తెలిసే కల కనడం, ప్రాక్టీస్. నోరు మూసి, ముక్కు నొక్కిపట్టి పీల్చి చూడండి, గాలి వచ్చిందంటే అది కల. నిన్న కైలాసగిరి మీద ఎగిరి డాల్ఫిన్స్ నోస్ దాకా వెళ్లి లైట్‌హౌస్ చుట్టూ తిరిగొచ్చా. దీన్ని మొదట లాబ్‌లో నిరూపించింది స్టాన్‌ఫర్డ్‌లో లాబెర్జ్. కావాలంటే నేర్పిస్తా, ఇన్‌బాక్స్‌కి రండి.

కంచరపాలెం_కుర్రోడు:
నేవీ వాళ్లు పాస్ అడగలేదా?

సాగర్‌నగర్_మాస్టారు:
మొదట లాబెర్జ్ కాదు. 1975లో ఇంగ్లండులోని హల్‌లో కీత్ హెర్న్. రెమ్‌లో ఒళ్లంతా కదలకపోయినా కళ్లు కదులుతాయి కదా, కల కంటున్నవాడు ముందే అనుకున్నట్టు కళ్లు కుడికీ ఎడమకీ తిప్పి లోపల్నించి సిగ్నల్ ఇచ్చాడు. నేర్పించేవాళ్లకి ఇది తెలియాలి.

సింహాద్రి_అప్పన్న_భక్తుడు:
జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయం అని మాండూక్యంలో ఎప్పుడో చెప్పారు. మీరు ఇప్పుడు ఇంగ్లండు దాకా వెళ్తున్నారు.

పెదవాల్తేరు_పద్మ:
నేను అడిగింది ఎవరూ చూడలేదు. రాత్రి మంచం మీంచి కింద పడ్డారు. మోచెయ్యి వాచింది.

రాత్రి_డ్యూటీ_నర్సు:
పద్మగారూ, ఇంతమంది పండితుల్లో మీకు జవాబు చెప్పేవాళ్లు లేరా అని ఇప్పుడే చూశాను. మాస్టారు చెప్పిన పిల్లి కథ మీ ఆయనది. ఆ అబ్బాయికి తాళం ఆలస్యంగా తెరుచుకుంటోంది, మీ ఆయనకి అసలు పడట్లేదనిపిస్తోంది. దీన్ని రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు, 1986లో అమెరికాలో డాక్టర్లు దీన్ని ప్రత్యేకంగా గుర్తించారు. నిద్రలో నడవడం వేరు, అది ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో, గాఢనిద్రలో వస్తుంది. మీరు న్యూరాలజిస్టుకి చూపించండి, వాయిదా వేయొద్దు. కొంతమందిలో పార్కిన్సన్స్‌కి ఏళ్ల ముందే ఇది కనిపిస్తుంది, అందరికీ అలాగే అవుతుందని కాదు. వాసన తెలియకపోవడం, చేతులు వణకడం, మలబద్ధకం ఉంటే డాక్టర్‌కి చెప్పండి. వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు, అలాగని మీరే ఆపేయకండి. ఈలోపు మంచం పక్కన గాజు టీపాయ్ లాంటివి తీసేసి, కింద పాత పరుపు వేయండి. మీరు వేరే మంచం మీద పడుకోండి.

గాజువాక తమ్ముడూ, నాది 14 ఏళ్ల నైట్ డ్యూటీ. వెల్లకిలా పడుకుంటే ఇది ఎక్కువ, పక్కకి తిరుగు. తెల్లవారుజామున మూడు తర్వాత టీ మానెయ్, అందులో కెఫీన్ సగం దిగడానికే ఐదు గంటలు పడుతుంది, ఆరింటి టీతో నీ పగలు పోయినట్టే. పొద్దుటి ఎండ కళ్లలో పడితే ఒంటికి తెల్లారిపోతుంది, కూలింగ్ గ్లాసెస్ పెట్టుకో. తూగు వస్తుంటే మాత్రం బండి ఎక్కకు, బస్సులో రా. ఆ క్షణంలో లేవాలని పెనుగులాడకుండా ఒక్క కాలివేలు కదపడానికి చూడు. పగలు ఎక్కడ పడితే అక్కడ నిద్ర ముంచుకొస్తున్నా, నవ్వితే మోకాళ్లు సడలుతున్నా, అప్పుడు నువ్వూ డాక్టర్‌కి చూపించుకోవాలి.

సాగర్‌నగర్_మాస్టారు:
ఇదంతా నేను రాద్దామనుకుంటున్నాను, ఈలోపు కరెంటు పోయింది.

రుషికొండ_టెక్కీ:
పద్మగారి హస్బెండ్‌కి లూసిడ్ నేర్పిస్తే కుక్కని ఆయనే తరమొచ్చు.

రాత్రి_డ్యూటీ_నర్సు:
నువ్వు లైట్‌హౌస్ దగ్గరే ఉండు నాయనా.

పెదవాల్తేరు_పద్మ:
వాసన తెలియట్లేదని రెండేళ్ల నుంచి అంటున్నారమ్మా, మేం జలుబు అనుకున్నాం. సోమవారం ఓపీకి తీసుకెళ్తున్నాం.

గాజువాక_సి_షిఫ్ట్:
పక్కకి తిరిగి పడుకుంటున్నా, మూడింటి టీ మానేశా. వారం అయింది, మళ్లీ రాలేదు. కత్తి తీసేద్దామంటే, కత్తి వల్లే కదా తగ్గింది అంటున్నారు అత్తగారు.

కంచరపాలెం_కుర్రోడు:
ఇప్పటికైనా చెప్పు గురూ, ఏ కత్తి?

గాజువాక_సి_షిఫ్ట్:
ఉల్లిపాయలదే. వంటింట్లోకి కొత్తది కొన్నాం.