మార్పు చేపల గుడ్లు తెల్లబడిపోతున్నాయి, తప్పెక్కడ?

ప్రశ్న:
అన్నా, నాటు మార్పు చేపకు (మన దేశీ క్యాట్‌ఫిష్‌కు) ఓవాప్రిమ్ (గుడ్లు పండించే హార్మోన్ మందు) ఇచ్చి గుడ్లు తీస్తే మర్నాటికల్లా సున్నపు చుక్కల్లా తెల్లబడ్డాయి. ఆడ చేప 200 గ్రాములు. ఇన్సులిన్ సిరంజిలో 8 గీతల మందు ఎక్కించాను. నీళ్లు 28 డిగ్రీలు. వీడియోల్లో చెప్పినట్టే 10 గంటలకు పొట్ట నొక్కాను. గట్టిగా నొక్కితే గానీ గుడ్లు రాలేదు, కొంచెం రక్తం కూడా వచ్చింది. డోసు చాలలేదా?

జవాబు:
తమ్ముడూ, ముందు సిరంజి చూడు. యూ-40 (మి.లీ.కి 40 గీతలుండేది) అయితే 8 గీతలంటే 0.2 మి.లీ., కిలోకు 1 మి.లీ. లెక్కన సరిపోయింది. యూ-100 (మి.లీ.కి 100 గీతలది) అయితే అది 0.08 మి.లీ. మాత్రమే, 20 గీతలు ఎక్కించాలి. మందు చిక్కగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా లాగు, గాలి బుడగ ఉంటే ఆ మేరకు డోసు తగ్గినట్టే.

అసలు తప్పు గంటల దగ్గర జరిగింది. ఆ 10 గంటల లెక్క ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ది. దాని పెంపకం మన దేశంలో నిషేధం, దాని జోలికే పోవద్దు. మన మార్పుకు ఇదే వేడిలో 16–17 గంటలు పడుతుంది. సాయంత్రం 5కి ఇంజక్షన్ ఇస్తే ఉదయం 9 దాటాకే తీయాలి. పండిన గుడ్లు వేలు ఆనించగానే జారుతాయి. రక్తం వచ్చిందంటే అవి పచ్చివే, ఇక నొక్కకుండా ఆపి గంట తర్వాత మళ్లీ చూడాలి. అలాగని మరీ ఆలస్యం చేసినా లోపలే మురిగిపోతాయి.

ఇంకో జవాబు:
మగ చేప సంగతి రాయలేదు మీరు. మార్పు మగ చేపను నొక్కితే పాలు (వీర్యం) రావు, కోసి వృషణాలు తీయాల్సిందే. అందుకే మొనదేలిన జననాంగం ఉన్న, ఏడాది దాటిన చేపనే ఎంచుకోండి. రెండు ఆడ చేపలకు ఒక మగ చేప చొప్పున పెట్టుకోండి. వృషణాల మీది రక్తం తుడిచి, సన్నగా కత్తిరించి, 0.9 శాతం సెలైన్‌లో నలపండి. మంచినీళ్లు తగిలితే వీర్యకణాలు నిమిషం సేపు ఈది ఆగిపోతాయి. కాబట్టి గిన్నె, చేతులు, చేప పొట్ట అన్నీ పొడిగుడ్డతో తుడవాలి. గుడ్ల మీద ఆ ద్రవం పోసి కోడి ఈకతో కలిపాకే నీళ్లు పోయాలి. చాలామంది చేప ఒంటి తడి తుడవరు, సగం గుడ్లు అక్కడే పోతాయి.

ప్రశ్న అడిగినవారు:
సిరంజి యూ-40నే అన్నా. చేప తడి మాత్రం తుడవలేదు. గుడ్లన్నీ ముద్దగా టబ్బు అడుగున అంటుకున్నాయి.

జవాబు:
ముద్ద కడితే మధ్యలో గుడ్లకు గాలి అందదు. వెడల్పాటి టబ్బులో ఒకే వరుసగా పరుచు. నీటిధార సన్నగా, ఆగకుండా పారాలి. బతికిన గుడ్డు గోధుమ రంగులో నిగనిగలాడుతుంది. తెల్లబడినవి సన్న గొట్టంతో లాగెయ్, లేకపోతే దూదిలా బూజు పట్టి పక్కవాటికి పాకుతుంది. 24–26 గంటల్లో పిల్లలు వస్తాయి. మూడు రోజులు పొట్ట కింది సొనతోనే బతుకుతాయి, మేత వేస్తే నీళ్లు చెడిపోవడమే. నాలుగో రోజు నుంచి ఆర్టీమియా (ఉప్పునీటి సన్న రొయ్యలాంటి జీవి పిల్లలు) గానీ, సన్నగా వడకట్టిన జంతు ప్లవకాలు (నీళ్లలో తేలే సన్న జీవులు) గానీ కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదుసార్లు వెయ్యి. పది, పదకొండు రోజులకు పైకొచ్చి గాలి మింగడం మొదలుపెడతాయి. అప్పుడు నీళ్లు లోతుగా ఉంటే పైకీ కిందికీ ఈదలేక అలిసి చస్తాయి. జానెడు లోతు మించనివ్వకు.